లాబ్రడార్ గిన్నెలో కూరగాయలు: ఏవి పెట్టాలి, ఎంత పెట్టాలి?

కృష్ణలంక వాసు | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా బంటి ఆరేళ్ల మగ లాబ్రడార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మొన్న తూకం వేయిస్తే 38 కిలోలు వచ్చాడు. ముప్పై దాటకూడదట. డాక్టరు గారు "తిండి తగ్గించండి" అని ఒక్క మాట చెప్పి తరవాతి వారిని పిలిచారు. తగ్గిస్తే వీడు గిన్నె నోట కరుచుకుని వంటగది గుమ్మంలో కూర్చుంటున్నాడు. అది చూసి మా అమ్మ కరిగిపోయి బిస్కెట్లు పెడుతోంది. పొడి ఆహారం కొంత తగ్గించి, ఆ ఖాళీని కూరగాయలతో నింపుదామని నా ఆలోచన. క్యారెట్, గుమ్మడి, బీన్స్, సొరకాయ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ఏవి పెట్టవచ్చు, ఏవి కూడదు? పచ్చివా, ఉడికించినవా? మీ ఇళ్లలో ఎలా పెడుతున్నారో చెప్పండి.

డాబర్‌మన్ ధీర | సోమవారం, రాత్రి 10.05

వాసు గారూ, కుక్క తోడేలు వంశం. అడవిలో తోడేలు గుమ్మడికాయ కోసుకుని తింటుందా? అన్నం, బిస్కెట్లు మానేసి మాంసం పెట్టండి, బరువు దానంతటదే దిగుతుంది. మా వాడికి కోడి, మేక, ఎముకలు తప్ప ఇంకేమీ పెట్టం. బొచ్చు నిగనిగలాడుతోంది.

అమలాపురం అమ్మమ్మ | మంగళవారం, ఉదయం 6.15

నాయనా వాసూ, మా ఇంట్లో నీచు వండరు. మా చిట్టి తెల్లటి స్పిట్జ్, పదకొండో ఏడు నడుస్తోంది. ఊహ తెలిసినప్పటి నుంచి పెరుగన్నం, పప్పన్నం తప్ప ఎరగదు. మాంసం లేకపోతే కుక్క బతకదంటే నేను నమ్మను. అయితే ఈ మధ్య మెట్లెక్కడం లేదు, నడుము మీద బొచ్చు పలచబడింది. వయసు మీద పడిందిలే అనుకుంటున్నాం. మీ బంటికి రాత్రిపూట కాస్త పెరుగన్నంలో ఉడికిన క్యారెట్ మెదిపి పెట్టు, హాయిగా పడుకుంటాడు.

ఫ్రిస్కో తెలుగు | మంగళవారం, ఉదయం 7.50

» డాబర్‌మన్ ధీర రాసినది: అడవిలో తోడేలు గుమ్మడికాయ కోసుకుని తింటుందా?

ధీర గారూ, తోడేలు మనిషి గుమ్మం దగ్గర వేల ఏళ్లు కూర్చుంటే ఏమైందో 2013లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువుల్లో చూపించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమును క్లోమంలో తయారు చేయించే జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటుంది. కుక్కల్లో 4 నుంచి 30 ప్రతుల దాకా కనిపించింది. మనుషులు పారేసిన గంజి, రొట్టె ముక్కలు తిని బతకగలిగినవే మన వాకిట్లో మిగిలాయన్నమాట. కాబట్టి కుక్కకు అన్నం అరగదన్న మాట ఇక చెల్లదు.

పశువైద్యుడు (విశ్రాంత) | మంగళవారం, మధ్యాహ్నం 1.20

ఫ్రిస్కో తెలుగు గారు చెప్పింది నిజమే, ఒక చిన్న సవరణ. అన్ని జాతులకూ అన్ని ప్రతులు ఉండవు. వ్యవసాయం లేని మంచు ప్రాంతాల్లో చేపలు, సీలు మాంసం తిని పెరిగిన హస్కీలలో సగటున తక్కువ. ఆస్ట్రేలియా డింగోలలో రెండే. మీ ఇంట్లో ఉన్నది హస్కీ అని ఇంకో చర్చలో రాశారు, అందుకని చెబుతున్నాను.

ఇక వాసు గారి సంగతి. మీ ఆలోచన బాగుంది, లెక్క కూడా చూసుకుంటే ఇంకా బాగుంటుంది. బరువు తగ్గించేటప్పుడు మేము ఇప్పటి బరువును పట్టించుకోం, ఉండవలసిన బరువుకు లెక్క కడతాం. 30 కిలోల కుక్క ఏ పనీ చేయకుండా పడుకుని ఉండటానికి రోజుకు సుమారు 900 కేలరీలు కావాలి. బంటికి మొత్తం తిండి అక్కడి నుంచి మొదలుపెట్టండి. అందులో పది శాతం, అంటే 90 కేలరీలు మాత్రమే సంపూర్ణాహారం కాని తిండికి ఇవ్వాలి. కూరగాయ, పండు, బిస్కెట్, అమ్మగారి చేతి ముద్ద అన్నీ ఆ 90లోనే. గ్లూకోజ్ బిస్కెట్లయితే నాలుగైదింటితో 90 అయిపోతుంది. క్యారెట్ అయితే 200 గ్రాములు వస్తుంది, గుమ్మడి 300 గ్రాముల పైన, సొరకాయ అర కిలో. గిన్నె నిండుగా కనిపిస్తుంది, పీచు వల్ల పొట్ట కూడా నిండుతుంది. మీకు కావలసింది ఇదే కదా.

అలాగని రేపే అర కిలో సొరకాయ పెడితే మీ వరండా కడుక్కోలేక చస్తారు. మొదట రెండు మూడు చెంచాలు, విరేచనం గట్టిగా వస్తుంటే మెల్లగా పెంచండి. పచ్చి క్యారెట్ కొరకడానికి సరదా పడతాడు గానీ కుక్క మనలా నమలదు, ముక్క ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. ఉడికించి మెదిపితేనే అందులోని సారం ఒంటికి పడుతుంది. సొరకాయ ముక్క ముందు మీరు నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మీకూ వద్దు, దానికీ వద్దు.

సిద్దిపేట స్వాతి | మంగళవారం, మధ్యాహ్నం 2.02

డాక్టర్ గారూ, అర్జంటు. నిన్న బీట్‌రూట్ పెట్టాను. ఇవాళ ఉదయం మూత్రం ఎర్రగా పోసింది. రక్తమా?

పశువైద్యుడు (విశ్రాంత) | మంగళవారం, మధ్యాహ్నం 2.10

బీట్‌రూట్ రంగే అయి ఉండాలి. ఆపేయండి, రెండు రోజుల్లో పోవాలి. పోకపోయినా, మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నా, నొప్పితో ముక్కుతున్నా వెంటనే తీసుకెళ్లి పరీక్ష చేయించండి.

వరంగల్ విజయ | మంగళవారం, సాయంత్రం 5.30

నేను మా వీధిలో పన్నెండు కుక్కలకు రోజూ అన్నం పెడతాను. కల్యాణ మండపం నుంచి మిగిలిన అన్నం, సాంబారు, కూరలు తెచ్చి కలిపి పెట్టడం మా దగ్గర మామూలే. చాలామంది అలాగే చేస్తారు. ఇందులో కూరగాయలు బోలెడు ఉంటాయి కదా, బలమే కదా అని అడుగుతున్నాను. ఖర్చు సంగతి కూడా చూడాలి, సంచుల ఆహారం కొని పన్నెండింటికి పెట్టే స్తోమత నాకు లేదు.

పశువైద్యుడు (విశ్రాంత) | మంగళవారం, రాత్రి 8.45

విజయ గారూ, మీరు చేస్తున్న పనికి ముందు నమస్కారం. తరవాత ఒక కష్టమైన మాట.

కూరగాయకూ కుక్కకూ గొడవ లేదు. గొడవంతా మనం కూరగాయను కూరగా మార్చే క్రమంలో వేసేవాటితోనే. ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. వండినా, ఎండబెట్టినా, పొడి చేసినా ఆ గుణం పోదు. శరీర బరువులో అర శాతానికి మించి ఉల్లి ఒక్కసారే తిన్న జంతువుల్లో విష లక్షణాలు తప్పకుండా కనిపిస్తున్నాయి. 10 కిలోల కుక్కకు ఆ లెక్క 50 గ్రాములు, అంటే ఒక చిన్న ఉల్లిపాయ. కొద్దికొద్దిగా రోజూ తిన్నా నష్టం పోగుపడుతుంది. రెండు మూడు రోజులకు చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులోకి తిరగడం, నీరసం కనిపిస్తాయి. అప్పటికి ఎవరికీ నాలుగు రోజుల నాటి ఉల్లి కూర గుర్తుండదు.

రెండోది చింతపండు. ఇది మన వాళ్లలో చాలామందికి తెలియదు. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కొన్ని కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని చాలా ఏళ్లుగా తెలుసు, కారణం మాత్రం తెలియలేదు. 2021లో అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ విష సలహా కేంద్రం వైద్యులు ఒక కేసు గురించి రాశారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్న లక్షణాలే. ఆ ముద్దలో వేసినది క్రీమ్ ఆఫ్ టార్టార్, అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లమే ఎక్కువ. తరవాత వాళ్లే చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల కేసులు కూడా ప్రచురించారు. చింతపండు పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లానిదే. కాబట్టి పులిహోర, సాంబారు, పప్పుచారు, పులుసు కూరలు కుక్క గిన్నెలోకి రాకూడదని నా సలహా.

ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. మండపం వంటవాళ్లతో మాట్లాడండి. పప్పు ఉడికాక, పోపు పడకముందు, ఉప్పు పడకముందు, చింతపండు రసం పోయకముందు ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టమనండి. ఉడికిన కూరగాయ ముక్కలూ అంతే. వట్టి అన్నం, వట్టి పప్పు, వట్టి కూరగాయ, దానికి మాంసం కొట్టు దగ్గర తక్కువ ధరకు దొరికే కోడి తలలో, పేగులో ఉడికించి కలిపితే సాంబారన్నం కంటే వంద రెట్లు మేలు.

అమలాపురం అమ్మమ్మ | మంగళవారం, రాత్రి 9.05

ఇదేమి చోద్యం డాక్టరు బాబూ. మా నాన్నగారి కాలంలో ఊళ్లో కుక్కలన్నీ పులుసన్నాలే తిన్నాయి. ఏదీ మూత్రపిండాలు పోయి చచ్చిందని వినలేదు.

పశువైద్యుడు (విశ్రాంత) | మంగళవారం, రాత్రి 9.20

అమ్మగారూ, ఆ రోజుల్లో ఊరకుక్క ఎందుకు చచ్చిందో చూసినవాళ్లెవరు? నాలుగు రోజులు కనిపించకపోతే పోయిందనుకునేవాళ్లం. నా సర్వీసులో రక్త పరీక్షకు వచ్చిన ఊరకుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైగా ఇది అన్ని కుక్కలకూ ఒకేలా ఉండదు. ఒకటి గుత్తి ద్రాక్ష తిని తోక ఊపుతూ తిరుగుతుంది, ఇంకొకటి గుప్పెడు తిని రెండో రోజుకు మూత్రం బందై పడిపోతుంది. పులుసులో నీళ్లు ఎక్కువ, ఆమ్లం తక్కువ కాబట్టి చాలావాటికి ఏమీ కాకపోయి ఉండవచ్చు. మీ చిట్టి ఏ రకమో పరీక్షించి చూద్దామా?

అమలాపురం అమ్మమ్మ | మంగళవారం, రాత్రి 9.24

వద్దులే నాయనా. పెరుగన్నమే పెడతాను.

పశువైద్యుడు (విశ్రాంత) | మంగళవారం, రాత్రి 9.50

పెరుగన్నం గురించే ఉదయం నుంచి రాయాలనుకుంటున్నాను. చిట్టి పది కిలోల లోపు ఉంటుందనుకుంటాను. రోజుకు 300 గ్రాముల ఉడికిన అన్నం, 200 గ్రాముల పెరుగు పెడుతున్నారనుకుందాం. అన్నంలో 390 కేలరీలు, పెరుగులో 120, మొత్తం 510. కడుపు నిండుతుంది. మాంసకృత్తులు మాత్రం అన్నం నుంచి 8 గ్రాములు, పెరుగు నుంచి 7, వెరసి 15. అమెరికాలో కుక్కల ఆహారానికి పాటించే ఆఫ్‌కో ప్రమాణం ప్రకారం 510 కేలరీలు తినే పెద్ద కుక్కకు కనీసం 23 గ్రాములు అందాలి. కాల్షియం 640 మిల్లీగ్రాములు అందాలి, మీ గిన్నెలో ఉన్నది 250 చుట్టుపక్కల. జింకు, విటమిన్ డి మరీ తక్కువ. మనకు ఎండలో నిలబడితే డి తయారవుతుంది, కుక్క చర్మానికి ఆ పని సరిగా చేతకాదు, తిండిలోంచే రావాలి.

నడుము మీద బొచ్చు పలచబడటం, మెట్లెక్కకపోవడం వయసు వల్ల కావచ్చు, థైరాయిడ్ వల్ల కావచ్చు, తిండి లోపం వల్లా కావచ్చు. మూడింటికీ పరీక్షలున్నాయి. ఒకసారి రక్తం తీయించండి.

మీ ఇంటి ఆచారం మార్చమని నేను అడగను. అన్నం సగానికి తగ్గించి, ఆ చోట బాగా ఉడికిన పెసరపప్పు, ఇంట్లో విరగ్గొట్టిన పాల ముద్ద, నానబెట్టి ఉడికించి పిండిన మీల్ మేకర్ కలపండి. మీల్ మేకర్‌లో సగానికి సగం మాంసకృత్తులే. కాల్షియం, విటమిన్లు, జింకు ఎంత కలపాలో మీ డాక్టరుతో కొలత రాయించుకోండి, అందాజుగా వద్దు. ఇదంతా ఎందుకనుకుంటే మాంసం లేని సంపూర్ణాహారం సంచుల్లోనూ దొరుకుతోంది. దానిలో సగం, మీ చేతి ముద్ద కొంచెం పెట్టినా నాకు సంతోషమే.

పచ్చని పూట | బుధవారం, ఉదయం 8.00

డాక్టర్ గారు చివరి వాక్యంలో దాటేసిన విషయమే అసలు విషయం. మాంసం అసలు లేకుండానే కుక్కను ఆరోగ్యంగా పెంచవచ్చు. 2022లో 2,536 కుక్కల యజమానులను అడిగి చేసిన అధ్యయనం వచ్చింది, శాకాహారం తినే కుక్కలు మిగతావాటికంటే ఏమీ తీసిపోలేదు. 2024లో కాలిఫోర్నియాలో 15 కుక్కలకు ఏడాది పాటు పూర్తి శాకాహారమే పెట్టి రక్త పరీక్షలు చేశారు, అన్నీ బాగున్నాయి. అదే ఏడాది బ్రిటిష్ పశువైద్యుల సంఘం కూడా కుక్కల శాకాహారానికి తన వ్యతిరేకతను విరమించుకుంది. మేము మా ఇంట్లో రెండు కుక్కలనూ అలాగే పెంచుతున్నాం.

డాబర్‌మన్ ధీర | బుధవారం, ఉదయం 8.12

పిల్లికి కూడా తోటకూర పెట్టండి, పోలా.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 8.40

ధీర గారూ, వెటకారం వద్దు. విషయం మీద వాదించండి, ఎంతసేపైనా.

పశువైద్యుడు (విశ్రాంత) | బుధవారం, మధ్యాహ్నం 12.30

ధీర గారి వెటకారంలో ఒక నిజం ఇరుక్కుంది, అది ముందు చెబుతాను. పిల్లికి తోటకూర పనికిరాదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి సరిపడా తయారు చేసుకోలేదు, క్యారెట్‌లోని కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోలేదు. కుక్క రెండూ చేయగలదు. అందుకే కుక్కల దగ్గర ఈ చర్చకు అర్థముంది, పిల్లుల దగ్గర లేదు.

పచ్చని పూట గారూ, మీరు చెప్పిన మూడూ ఉన్నవే. వాటిని కొంచెం జాగ్రత్తగా చదవాలి. మొదటిది యజమానులు చెప్పిన జవాబుల మీద ఆధారపడింది. తన కుక్కకు శాకాహారం పెట్టేవాడు అది నీరసంగా ఉందని సులువుగా రాయడు. రెండోది మంచి పని, కానీ 15 కుక్కలు, అదీ విటమిన్లు, ఖనిజాలు లెక్కకట్టి కలిపిన కంపెనీ ఆహారం మీద. బ్రిటిష్ సంఘం చెప్పింది కూడా పోషకాలన్నీ సరిపడే శాకాహారం గురించే. ఇంట్లో పప్పు, అన్నం, గుమ్మడి కలిపి "శాకాహారం" అని పేరు పెడితే ఆ అధ్యయనాలు దానికి పూచీ పడవు. మీ రెండింటికీ బి12 ఎక్కడి నుంచి వస్తోంది?

పచ్చని పూట | బుధవారం, మధ్యాహ్నం 1.15

మాది సంచిలో వచ్చే సంపూర్ణ శాకాహారమే. అందులో బి12, డి, టారిన్, మెథియోనిన్ కలిపారని రాసి ఉంది. పైన ఉడికిన కూరగాయలు కొంచెం వేస్తాను. ఏడాదికోసారి రక్త పరీక్ష చేయిస్తాను.

పశువైద్యుడు (విశ్రాంత) | బుధవారం, మధ్యాహ్నం 1.22

అయితే మీతో నాకు తగువు లేదు. గుండె కూడా ఒకసారి పరీక్ష చేయించండి. ఎందుకో ఫ్రిస్కో గారు చెబుతారనుకుంటా, ఆ గొడవ వాళ్ల దేశంలోదే.

ఫ్రిస్కో తెలుగు | బుధవారం, రాత్రి 7.30

అవును, ఇక్కడ అమెరికాలో దాని మీద పెద్ద రభసే జరిగింది. ధాన్యం లేని కుక్కల ఆహారం కొన్నేళ్ల కిందట ఇక్కడ ఫ్యాషన్ అయింది. ధాన్యం తీసేసి ఆ చోట బఠాణీ, కందిలాంటి పప్పు గింజలు, బంగాళదుంప దండిగా నింపారు. గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు, డీసీఎం అంటారు, అలాంటి ఆహారం తినే కుక్కల్లో కనిపిస్తోందని 2018 జులైలో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2014 నుంచి 2019 ఏప్రిల్ దాకా వాళ్లకు అందిన ఫిర్యాదులు 524. గోల్డెన్ రిట్రీవర్లు ఎక్కువ. చివరికి 2022 డిసెంబరులో, కారణం ఇదేనని తేల్చడానికి సమాచారం చాలదని చెప్పి ఆగిపోయారు. నిర్దోషి అనీ అనలేదు, దోషి అనీ అనలేదు. మా పక్కింటి గోల్డెన్‌కు ఆ జబ్బు వచ్చింది, ఆహారం మార్చి మందులు వాడాక తేరుకుంది. అప్పటి నుంచి మా హస్కీకి పప్పులు ఎప్పుడో ఒక చెంచా మాత్రమే, రోజువారీ గిన్నెలో లేవు.

ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి, మంచిది కూడా చెప్పకపోతే అన్యాయం. స్కాటిష్ టెర్రియర్లకు మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువ వస్తుంది. పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ఆ జాతి యజమానులను అడిగితే, వారానికి మూడుసార్లయినా కూరగాయలు తినే కుక్కల్లో ఆ క్యాన్సర్ బాగా తక్కువగా కనిపించింది. ఆకుకూరలు, పసుపు రంగు, నారింజ రంగు కూరగాయలు ముఖ్యంగా.

పశువైద్యుడు (విశ్రాంత) | బుధవారం, రాత్రి 9.10

అది ఒక్క జాతి మీద చేసిన సర్వే. కూరగాయలు తింటే ఏ కుక్కకూ క్యాన్సర్ రాదని ఎవరూ అర్థం చేసుకోకండి. కానీ గిన్నెలో వారానికి మూడుసార్లు కాస్త ఆకుకూర, గుమ్మడి ఉంటే పోయేదేమీ లేదు. మూత్రంలో రాళ్ల సమస్య లేని కుక్కకు మాత్రమే సుమా. ఆక్సాలేట్ రాళ్లు వచ్చిన కుక్కకు పాలకూర, చుక్కకూర, బీట్‌రూట్, చిలగడదుంప వద్దు.

మచ్చల మిత్రుడు | గురువారం, ఉదయం 7.05

రాళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మాది డాల్మేషియన్, నాలుగేళ్ల మగది. పోయిన ఏడు మూత్రం ఆగిపోతే రాళ్లు తీయించాం. ఇప్పుడు మాంసం తగ్గించమన్నారు. మాంసం తగ్గిస్తే నీరసించిపోదా?

పశువైద్యుడు (విశ్రాంత) | గురువారం, ఉదయం 9.30

మీవాడివి యూరేట్ రాళ్లయి ఉంటాయి, రిపోర్టు చూసుకోండి. ఆ జాతిలో దాదాపు ప్రతి కుక్కకూ పుట్టుకతోనే ఒక జన్యు లోపం ఉంటుంది, యూరిక్ ఆమ్లం మూత్రంలోకి ఎక్కువగా పోతుంది. కాలేయం, గుండెకాయ, మూత్రపిండాలు, చిన్న చేపల వంటి, ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే పదార్థాలు) ఎక్కువున్న మాంసాలు దానికి విషంతో సమానం. గుడ్డు, పాల విరుగుడు, కూరగాయల నుంచి వచ్చే మాంసకృత్తులు ఆ జాతికి మేలు. నీరసించదు. నీళ్లు బాగా తాగేలా చూడండి, తిండిలోనే నీళ్లు కలిపి జావగా పెట్టండి. శాకాహారం వైపు నేను గట్టిగా తోసే జాతి ఇదొక్కటే.

సిద్దిపేట స్వాతి | గురువారం, ఉదయం 10.15

బీట్‌రూట్ ఆపేశాక రంగు మామూలైంది, కృతజ్ఞతలు. పండ్ల సంగతి చెప్పండి. మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చేతిలో పెడుతున్నారు. మొన్న తిరుపతి వెళ్లి వచ్చిన మా పెద్దమ్మ లడ్డూ ప్రసాదం ముక్క పెట్టబోతే ఆపాను, నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూసింది.

వరంగల్ విజయ | గురువారం, ఉదయం 10.40

లడ్డూలో కిస్‌మిస్ ఉంటుంది స్వాతీ, ఆపి మంచిపని చేశావు. పరమాన్నంలో, కేసరిలో కూడా చూసుకో.

పండ్ల మీద నాకు తెలిసింది రాస్తాను. పుచ్చకాయ గింజలు తీసి, బొప్పాయి గింజలు, తొక్క తీసి, జామ మెత్తటి భాగం, అరటిపండు రెండు మూడు చక్రాలు మా వాకిట్లోవి ఇష్టంగా తింటాయి. సీతాఫలం మాత్రం గింజలతో సహా మింగేస్తాయి కాబట్టి పెట్టను, ఆ గింజలు మంచివి కావు. మామిడి రసం చప్పరించనివ్వవచ్చు, టెంక మాత్రం ఇవ్వకూడదు. మా వీధి నల్లది టెంక మింగితే పేగులో ఇరుక్కుని ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మొక్కజొన్న కంకి కూడా అంతే, గింజలు ఒలిచి పెట్టండి, బెండు పెట్టకండి.

డాక్టరు గారూ, మండపం వంటాయనతో మాట్లాడాను. పోపు పడకముందు పప్పు తీసి పెట్టడానికి ఒప్పుకున్నాడు. "కుక్కలకు ముందు వడ్డించి, పెళ్లివాళ్లకు తరవాతా?" అని నవ్వాడు గానీ తీసి పెట్టాడు.

డాబర్‌మన్ ధీర | గురువారం, రాత్రి 8.55

డాక్టర్ గారూ, వాదన కాదు, ఒక సందేహం. మావాడు రెండు రోజులుగా విరేచనానికి కూర్చుని ముక్కుతున్నాడు. వచ్చింది తెల్లగా, గట్టిగా, సుద్దముక్కలాగ ఉంది.

పశువైద్యుడు (విశ్రాంత) | గురువారం, రాత్రి 9.00

ఎముకలు. కొన్నాళ్లు ఆపండి. వాంతులు ఉన్నా, పొట్ట గట్టిపడినా, రేపటికి కూడా రాకపోయినా ఎక్స్‌రే తీయించండి, అది ఇంటి వైద్యంతో పోయేది కాదు. ఏ ఇబ్బందీ లేకుండా కేవలం గట్టిగా వస్తుంటే ఉడికించి మెదిపిన గుమ్మడి రెండు మూడు చెంచాలు పూటపూటకూ మాంసంలో కలిపి, నీళ్లు ఎక్కువ తాగించండి. తోడేలుకు చెప్పకండి.

డాబర్‌మన్ ధీర | శుక్రవారం, సాయంత్రం 6.20

ఇవాళ మామూలుగా వెళ్లాడు. గుమ్మడికాయ ఉంచుతాను. అన్నం మాత్రం పెట్టను.

ఫ్రిస్కో తెలుగు | శుక్రవారం, రాత్రి 8.10

అన్నం తప్పనిసరని ఎవరూ అనలేదు ధీర గారూ. కుక్కకు పిండిపదార్థం లేకపోయినా నడుస్తుంది, ఉంటే అరిగించుకుంటుంది, అంతే. మాంసం ఒక్కటే పెడితే కాల్షియం, భాస్వరం పొత్తు కుదరదు, అది చూసుకోండి. ఎముకలు ఆపేశారు కాబట్టి మరీను.

అమలాపురం అమ్మమ్మ | శనివారం, ఉదయం 6.30

డాక్టరు బాబూ, చిట్టికి రక్తం తీయించాం. థైరాయిడ్ బాగానే ఉందట. రక్తం తక్కువగా ఉందన్నారు, తిండి మార్చమన్నారు. మీల్ మేకర్ ఉడికించి పెసరపప్పులో కలిపి పెట్టాను, మొదట వాసన చూసి మొహం తిప్పుకుంది, పైన రెండు చుక్కలు నెయ్యి వేస్తే గిన్నె నాకింది. ఆ మందుల కొలతలు రాయించుకుని వచ్చాడు మా మనవడు. కంద, చేమదుంప పెట్టవచ్చా? మా దొడ్లో బోలెడున్నాయి.

పశువైద్యుడు (విశ్రాంత) | శనివారం, ఉదయం 8.15

కంద, చేమ వద్దమ్మా. సరిగా ఉడక్కపోతే మనకే గొంతు దురద పెడుతుంది, కుక్క ఆ బాధ చెప్పుకోలేదు. దొడ్లో బీర, సొర, గుమ్మడి ఉంటే అవి చాలు. నెయ్యి రెండు చుక్కలే, చెంచా కాకూడదు.

కృష్ణలంక వాసు | శనివారం, రాత్రి 9.30

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగింది ఒక ప్రశ్న, దొరికింది ఒక పుస్తకం. ఇంట్లో అమలు చేస్తున్నది ఇది: పొడి ఆహారం తూకం వేసి 220 గ్రాములు, రెండు పూటలా సగం సగం. దానిలో ఉడికిన సొరకాయ, బీన్స్, క్యారెట్ కలిపి ఒక గిన్నెడు, ఉప్పు లేకుండా. అమ్మ దగ్గర బిస్కెట్ డబ్బా తీసేసి, ఉడికిన క్యారెట్ ముక్కల డబ్బా పెట్టాను. "వాడు అడిగినప్పుడు ఇందులోంచే" అని ఒప్పందం. ఎన్నాళ్లకు ముప్పైకి వస్తాడు డాక్టర్ గారూ?

పశువైద్యుడు (విశ్రాంత) | శనివారం, రాత్రి 9.55

తొందర వద్దు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం నుంచి రెండు శాతం తగ్గడం క్షేమం. బంటికి అది వారానికి 400 నుంచి 750 గ్రాముల మధ్య వస్తుంది. ఒకే తూకం మిషను మీద, పొద్దున పరగడుపున, రెండు వారాలకోసారి చూడండి. అసలు తగ్గకపోతే ముందు అమ్మగారి డబ్బా చూడండి, తరవాత పొడి ఆహారం 20 గ్రాములు తగ్గించండి. నెల రోజులకూ కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించి, రిపోర్టు ఇక్కడ పెట్టండి.